ఐర్లండ్ రైలూ, కోసిగి సుగ్గీ

ఐర్లండ్ అనే దేశం భూగోళంలో ఏ మూల ఉందో తెలియకముందే ఆ దేశంలో రైళ్ళు ఎలా పుట్టాయో, ఎలా పోయాయో నాకు తెలుసు. నవ్వకండి. ఆ రోజుల్లో ఆదోనిలో మా మిషను కాంపౌండు బడిలో చదివిన ఆడపిల్లలు ఎవరు కనిపించినా అడిగి చూడండి. తుంగభద్ర ఎక్కడ పుట్టిందో తడుముకుంటారేమో గానీ, డబ్లిన్ పట్నం నుంచి సముద్రపు రేవుకు మొదటి రైలు నడిచిందని మాత్రం ఠకీమని చెప్తారు. మొన్న వేసవిలో ఆ బడి నుంచి ఒక చిన్న వయసు సిస్టర్ నాకు ఫోన్ చేసింది. పాత గదులు పడగొడుతున్నామనీ, బీరువాల్లో చెదలు తినగా మిగిలిన పుస్తకాలు కొన్ని ఉన్నాయనీ, కావాలంటే వచ్చి తీసుకొమ్మనీ చెప్పింది. పంతులమ్మ ఉద్యోగం నుంచి రిటైరయ్యాక నాకు వేరే పనేముంది? మర్నాడే కర్నూలులో బస్సెక్కాను. వరండాలో పోసిన పుస్తకాల కుప్పలో అట్ట ఊడిపోయి కనిపించింది ఆ ఐర్లండ్ రైళ్ళ చరిత్ర. తెరవగానే కిరసనాయిలు వాసన కొట్టింది. చెదలు పట్టకుండా మాకు పాఠాలు చెప్పిన ఐర్లండ్ సిస్టరమ్మ ఏటా ఎండాకాలంలో బీరువా అడుగున కిరసనాయిలు గుడ్డ పరిచేది. ఇన్నేళ్ళయినా ఆ వాసన పోలేదంటే ఎవరైనా నమ్ముతారా? నేను అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయాను.

మా ఇల్లు స్టేషన్ రోడ్డులో ఉండేది, పత్తి ప్రెస్సుల వెనక. పత్తి వచ్చే కాలంలో గాలి నిండా దూది పీచే. ఆరేసిన చీరల మీద, పెరుగు గిన్నె మీద, నాయన మీసాల మీద కూడా. ఆ పక్కన వేరుశనగ నూనె మిల్లు, ఈ పక్కన బొగ్గు రైళ్ళు. ఈ మూడు వాసనలూ కలిస్తే ఆదోని. నాయన మునిసిపల్ బడిలో తెలుగు అయ్యవారు. ఆయనకు చేతి గడియారం ఉండేది గానీ మా అమ్మ దాన్ని లెక్కచేసేది కాదు. పొద్దుటి పాసింజరు కూత పెడితే జొన్న రొట్టెలకు పిండి కలిపేది, మధ్యాహ్నం బండి వెళ్తే ఎసరు పెట్టేది, సాయంత్రం బండికి దీపం. రైలు లేటయితే మా ఇంట్లో అన్నం లేటు. ఒకరోజు గుంతకల్లు దగ్గర ఏదో అయి బండి మూడు గంటలు రాకపోతే, నాయన పీట మీద కూర్చుని ఆకలితో వేళ్ళు విరుచుకుంటూ, "రైల్వే మంత్రికి తంతి కొట్టమంటావా, ఎసరు పెడతావా?" అన్నాడు. అమ్మకు కోపం వచ్చింది, నాకు నవ్వు ఆగలేదు, వీపు మీద ఒకటి పడింది.

అమ్మకు ఇంకో పట్టింపు ఉండేది. ఇంట్లోంచి మనిషి బయలుదేరాడంటే ఆ గడప దగ్గర చెడ్డ మాట అనేది నోట రాకూడదు. "యాడికి?" అని అడగకూడదు. ఎవరైనా తుమ్మితే వెనక్కి వచ్చి కూర్చుని మంచినీళ్ళు తాగి పోవాలి. "పోతాండా" అనకూడదు, "పోయొస్తా" అనాలి. నాయన బడికి బయలుదేరేటప్పుడు ఎదురింట్లో ముసలాయనకు జబ్బు ఎక్కువైందని నేను నోరు జారితే, అమ్మ నాయన్ని లోపలికి పిలిచి కూర్చోబెట్టి, నన్ను దొడ్లోకి తీసుకుపోయి, "బయల్దేరే మనిషి ముందర సావు మాట తెస్తావా, నీ నోట్లో మన్ను పొయ్య" అని చెవి మెలిపెట్టింది. ఆ చెవి నొప్పి నాకు ఇప్పటికీ తెలుసు. నేనూ నమ్మాను. చదువుకున్నా, నలుగురికి చదువు చెప్పినా, ఇవాళ్టికీ మా ఇంట్లోంచి ఎవరన్నా బయలుదేరుతుంటే నా నోరు దానంతటదే మూసుకుంటుంది.

అమ్మ పుట్టిల్లు ఎమ్మిగనూరు. అక్కడ మా తాతది గుంట మగ్గం. పొద్దున్నే వీధి పొడుగునా పడుగు సాగదీసి గంజి పట్టించేవాళ్ళు. ఆ గంజి వాసనా, మగ్గాల టకటకా, గురెళ్ళ పొడి వేసుకుని తినే కొర్రన్నమూ, అవన్నీ కలిసి నాకు సెలవులు. తాతకు జీవితంలో ఒకటే దిగులు, ఎమ్మిగనూరికి రైలు లేదని. రైలు లైనుకు కొలిచేవాళ్ళు వచ్చారని ఎవరైనా గాలికబురు తెస్తే చాలు, మగ్గం ఆపి గుంటలోంచి లేచి వచ్చేవాడు. నెలకోసారి బస్సులో మా ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కుని, బొరుగుల ఉగ్గాని తిని, తిన్నగా స్టేషనుకు పోయి ప్లాట్‌ఫారం టికెట్టు కొనుక్కుని బెంచీ మీద కూర్చునేవాడు. ఎక్కేది లేదు, దిగేది లేదు. నాలుగు బండ్లు చూసి వచ్చి, "ఈ పొద్దు బో సక్కగా వచ్చినాయి పద్మా" అని నాతో చెప్పేవాడు, అవేవో తను నేసిన చీరలన్నట్టు.

ఇక మా సిస్టరమ్మ. అరవై దగ్గర పడిన మనిషి, ఎర్రటి మొహం, ఎండకు ముక్కు మీద తోలు ఊడుతుండేది. ఆదోనికి వచ్చి పన్నెండేళ్ళయినా ఆమె తెలుగు కూరగాయల బుట్ట దాటలేదు. వంకాయలు పుచ్చులున్నాయని కొట్లాడగలదు గానీ కథ చెప్పమంటే ఇంగ్లీషులోకి పోయేది, కోపం వస్తే ఇక సరేసరి. ఆమె నాన్న ఐర్లండ్ పడమటి ఒడ్డున చిన్న లైను మీద గార్డు. శనివారం మధ్యాహ్నాలు మాకు భూగోళం పాఠం అని పేరు, జరిగేది మాత్రం ఆ పుస్తకం తెరిచి రైలు ముచ్చట్లు. మన దేశంలో రైలు పుట్టడానికి ఇరవై ఏళ్ళ ముందే వాళ్ళ దేశంలో పుట్టిందని మురిసిపోతూ చెప్పేది. మొదట్లో ఒక్కో కంపెనీ ఒక్కో వెడల్పున పట్టాలు వేస్తే, తగువు తీర్చడానికి వచ్చిన దొర ఎవరి మాటా కాదనలేక సగటు తీసి, అయిదడుగుల మూడంగుళాలు అన్నాడట. అది ఎవరి పట్టాలకూ సరిపోలేదట. మా పెద్ద లైను అయిదడుగుల ఆరంగుళాలు. "మూడంగుళాలు మనమే ఎక్కువ" అని నేను తాతకు చెబితే ఆయన మీసం దువ్వుకున్నాడు. ఇంకో ఊళ్ళో స్టేషను ఊరికి దూరంగా ఉంటే, ఊరి నుంచి స్టేషను దాకా పట్టాల మీద పెట్టెను గుర్రం లాగేదట, నిన్నమొన్నటి దాకా. ఎన్ని గుర్రాలు మారినా పేరు మాత్రం ఒకటేనట. తాత దాన్ని నాలుగుసార్లు చెప్పించుకున్నాడు. "మా ఎమ్మిగనూరికి గుర్రమే పెట్టమను, నేనే మేత ఏస్తా" అన్నాడు. ఆ తర్వాత, ఆ చిన్న లైన్లన్నీ బస్సులూ లారీలూ వచ్చాక గిట్టుబాటు కాక పీకేశారని చెప్పాను. ఆయన మొహం చిన్నబోయింది. "ఏసిన రైలును పీకడమేంది? వాళ్ళకేం పొయ్యేకాలం!" అన్నాడు. ఆ పూట అన్నం కూడా సరిగా తినలేదు.

ఈ ముచ్చట్లు నాకంటే శ్రద్ధగా వినేది రూతమ్మ. కోసిగి పిల్ల, కూలి పని చేసుకునే క్రైస్తవుల ఇల్లు, బడి హాస్టల్లో ఉండేది. పదో తరగతిలో నా పక్క బెంచీ. ఇంగ్లీషులో మొదటి మార్కు ఎప్పుడూ ఆమెదే, రెండోది నాది, మూడేళ్ళు ప్రయత్నించినా నేను దాటలేకపోయాను. పడమటి ఐర్లండ్‌లో పంటలు పోయి జనం మాడిపోతుంటే సర్కారు అక్కడ రైలు లైన్లు వేయించి కూలి ఇచ్చిందని సిస్టరమ్మ చెప్పినప్పుడు రూతమ్మ లేచి నిలబడి, "కరువు పనులా సిస్టర్?" అంది. సిస్టరమ్మకు ఆ మాట అర్థం కాలేదు. రూతమ్మే ఇంగ్లీషులో విడమరిచి చెప్పింది, మా ఊళ్ళో కంకర కొట్టిస్తారు, కొట్టిన కంకర అక్కడే పడి ఉంటుంది, మీవాళ్ళు నయం, రైలన్నా మిగిలింది అని.  ఈ పిల్ల పరీక్ష పాసైతే కర్నూలులో టీచరు ట్రైనింగుకు నేను పంపిస్తాను అని సిస్టరమ్మ ఆ రోజే అందరి ముందూ అంది. అమ్మకు కూడా రూతమ్మ అంటే ఇష్టమే. ఆదివారం ఆరాధన అయ్యాక మా ఇంటికి వస్తే అరుగు మీద కూర్చోబెట్టి రొట్టె, నువ్వుల పొడి పెట్టేది. అరుగు మీదే. లోపలికి రావద్దని మేమెవరమూ అనలేదు, రమ్మని కూడా అనలేదు. ఇది రాస్తుంటే సిగ్గుగానే ఉంది, అయినా రాయకుండా ఎలా దాటేస్తాను?

కోసిగి వైపు వానలు లేని ఏడాది ఊళ్ళకు ఊళ్ళు తాళాలు వేసుకుని సుగ్గికి పోతాయి. సుగ్గి అంటే పంట కోతలు. కోతలున్న చోటికి మూటా ముల్లే కట్టుకుని పోయి, కోసి, వానలకు తిరిగి రావడం. ఆ ఏడు గుంటూరు వైపు మిరపకాయలకు పోతున్నారు. ఆదోని మీదుగా గుంతకల్లు పోయి, అక్కడ పెద్ద లైను దిగి చిన్న లైను బండి ఎక్కాలి. పరీక్షలకు ఇక నెల కూడా లేదు. రూతమ్మ వాళ్ళమ్మ సంతోషమ్మ హాస్టలుకు వచ్చి, "పాపను పంపీండమ్మా, ఇంకో రెండు సేతులుంటే తప్ప కుదరదు" అని ఒకటే మాట పట్టుకుంది. సిస్టరమ్మ బతిమాలింది, తిట్టింది, గదిలోకి పోయి ఏడ్చింది. సంతోషమ్మ అన్నీ ఓపిగ్గా విని, "పరీచ్చ యాడికి పోతాది సిస్టరమ్మా? మల్లొచ్చే సంవచ్చరం ఉంటాది. మిరపకాయ ఉండదు కదా" అని కూతురి ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని స్టేషనుకు నడిచింది. వెనకే రూతమ్మ.

సిస్టరమ్మ మా ఇంటి ముందు నుంచే పరుగులాంటి నడకతో పోతూ, అరుగు మీదున్న నన్ను చూసి, చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. తనకు తెలుగు చాలదని ఆమెకు తెలుసు. కన్నకూతురు తన కోసం తాను తల్లితో వాదించలేదనీ తెలుసు. ప్లాట్‌ఫారం నిండా సుగ్గికి పోయే జనం. జొన్నపిండి మూటలు, రోకళ్ళు, కోళ్ళ గంపలు, చంకల్లో పిల్లలు. బండి వచ్చి నిలబడింది. సంతోషమ్మ పెట్టె లోపల పడేసి తలుపు దగ్గర కడ్డీ పట్టుకుని నిలబడింది. ఆమె పక్కన రూతమ్మ, చంకలో ఎవరి బిడ్డో. సిస్టరమ్మ కింద నిలబడి నా భుజం గట్టిగా పట్టుకుని ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టింది. "నేను చెప్పింది చెప్పినట్టు చెప్పు, ఒక్క ముక్క వదలొద్దు" అంది.

క్లాసులో ఏనాడూ చెప్పని సంగతి అది. వాళ్ళ సీమలో ఒక దీవి ఉంది. అక్కడి జనం కూడా ఏటా సముద్రం దాటి స్కాట్లండుకు బంగాళాదుంపల కోతలకు పోయేవాళ్ళు, రూతమ్మ వయసు పిల్లలతో సహా. ఆ వైపుకు కొత్తగా లైను వేస్తున్నారు. ఇంకా ప్రారంభం కూడా కాలేదు. కోతలకు బయలుదేరిన పిల్లల పడవ తిరగబడి ముప్పై మందికి పైగా మునిగిపోయారు. ఆ లైను మీద నడిచిన మొదటి రైలు ఆ శవాలను ఇళ్ళకు చేర్చడానికి నడిచింది. మళ్ళీ నలభై ఏళ్ళకు, ఆ లైను మూసేసే రోజుల్లో, కోతలకు పోయి గొడ్ల కొట్టంలాంటి చోట పడుకున్న పదిమంది కుర్రాళ్ళు నిప్పంటుకుని చనిపోయారు. వాళ్ళను మోసుకొచ్చిందే ఆఖరి రైలు. ఇనుప చక్రాల బండి మొదటిసారీ చివరిసారీ శవాలనే తెస్తుందని ఎవరో ముసలాయన ఎప్పుడో జోస్యం చెప్పాడని అక్కడివాళ్ళు చెప్పుకుంటారట. మొదటి రైలును సిస్టరమ్మ వాళ్ళమ్మ చూసింది. ఆఖరి రైలును ప్లాట్‌ఫారం మీద నిలబడి తనే చూసింది. "పిల్లల్ని కోతలకు పంపే రైళ్ళంటే నాకు భయం, ఈ ఒక్క పిల్లను నాకు వదిలిపెట్టమని చెప్పు" అంది సిస్టరమ్మ. 

సంతోషమ్మ నా నోటికేసి చూస్తోంది. బయలుదేరిన మనిషి. రైలు మెట్టు మీద నిలబడిన మనిషి. ఆమె ముందు ఆ మాటలన్నీ నేను ఎలా అనేది? శవాలు, మునగడం, మంటలు. ఒక్క ముక్క అన్నా వాళ్ళకేమైనా అయితే నా నోటి వల్లే అవుతుందనిపించింది. నేను నోరు తెరిచి ఇలా చెప్పాను. "సిస్టరమ్మ వాళ్ళ దేశంలోనూ జనాలు సుగ్గికి పోతారంట అమ్మా. రైలెక్కి పోయి, బాగా సంపాదించుకోని, అందరూ సల్లగా ఇండ్లకు తిరిగొస్తారంట. రూతమ్మను వదిలిపెట్టి పోతే తాను సూసుకుంటానంటాంది. ఒకవేళ తీసుకపోతే మీరూ సల్లగా పోయి రావాలంట."

సంతోషమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. వంగి సిస్టరమ్మ రెండు చేతులూ తీసుకుని కళ్ళకద్దుకుని, "ఎంత సల్లని మాట సెప్పినావు తల్లీ! బయల్దేరేటప్పుడు ఇట్లాంటి మాట ఇనాల. పిల్లను బద్రంగా సూసుకుంటాలే" అంది. సిస్టరమ్మ ఆ కన్నీళ్ళు చూసి పిల్ల దిగుతుందనే అనుకుంది. చెయ్యి చాచి నిలబడింది. బండి కదిలింది. చాచిన చెయ్యి అలాగే ఉంది. ఆఖరి పెట్టె దాటాక నా వైపు తిరిగి, "సరిగ్గా చెప్పావా?" అని తెలుగులో అడిగింది. "చెప్పినాను సిస్టర్" అన్నాను.

రూతమ్మ పరీక్ష రాయలేదు. నేను రాశాను, ఇంగ్లీషులో నాకే మొదటి మార్కు వచ్చింది. కర్నూలులో కాలేజీ, ట్రైనింగు, ఉద్యోగం. సిస్టరమ్మ ఆ పై కొన్నేళ్ళకు వాళ్ళ దేశం వెళ్ళిపోయింది. ఎన్నిసార్లు ఉత్తరం రాద్దామని కూర్చున్నానో, ఒక్కటీ రాయలేదు. అబద్ధం చెప్పిన నోటితోనే దాదాపు నలభై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పాను. తాత రైలు రాకుండానే పోయాడు, ఎమ్మిగనూరికి ఇప్పటికీ రాలేదు. ఆదోనిలో బొగ్గు ఇంజన్లూ లేవు, ఆ కూతా లేదు. అమ్మ ఉన్నా ఇప్పుడు ఎసరు దేన్ని చూసి పెట్టేదో. ఆ దీవి లైను తీసేసిన దారిలో ఇప్పుడు జనం సరదాగా సైకిళ్ళు తొక్కుతున్నారని ఎక్కడో చదివాను. మా కోసిగి జనం మాత్రం ఇప్పటికీ సుగ్గికి పోతూనే ఉన్నారు. రైళ్ళకు తోడు లారీలూ ఆటోలూ వచ్చాయి, అంతే తేడా. ఆ పుస్తకం ఇంటికి తెచ్చిన వారానికి ఇక ఉండబట్టలేక, అడ్రసు కనుక్కుని, రూతమ్మను చూడడానికి కోసిగి పోయాను.

తలంతా నెరిసింది గానీ మొహం అదే. అంగన్‌వాడీలో ఆయాగా చేసి మానుకుందట. నన్ను గుర్తుపట్టి, "ఓమ్మే పద్మా!" అని చెయ్యి పట్టుకుని ఇంట్లోకి తీసుకుపోయి మంచం మీద కూర్చోబెట్టింది. టీ ఇచ్చి, చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతూ కూర్చుంది. నేను ఇక ఆగలేకపోయాను. స్టేషన్లో సిస్టరమ్మ చెప్పింది ఏమిటో, నేను చెప్పింది ఏమిటో ముక్క వదలకుండా చెప్పి, చిన్నపిల్లలాగా ఏడ్చేశాను.

రూతమ్మ చేట ఆపలేదు. "దానికా ఏడుస్తాండావు? నాకు ఇంగ్లీసు రాదనుకున్నావా మే? పక్కనే ఉంటి కదా. సిస్టరమ్మ సెప్పిందీ ఇన్నా, నువ్వు మార్చి సెప్పిందీ ఇన్నా."

"మరి నువ్వన్నా ఎందుకు చెప్పలేదు?"

"అమ్మకు అప్పుడు అయిదో నెల. నేను పోకుంటే ఆ ఎండలో వంగి కోసేది ఎవురు? నువ్వు నిజం సెప్పింటే భయపడి నన్ను ఆడ దింపేసి తానొకతే పోతుండె. నువ్వట్ల మార్చి సెప్తాంటే, బతికిపోయినాం దేవుడా అనుకున్నా."

నా గుండెల మీది బరువంతా ఒక్కసారిగా దిగిపోయింది. హమ్మయ్య అనుకున్నాను. నిజం చెప్తున్నాను, నవ్వు కూడా వచ్చింది. కళ్ళు తుడుచుకుని టీ గ్లాసు అందుకున్నాను.

రూతమ్మ అప్పుడు చేట పక్కన పెట్టింది.

"వానలకు మేము తిరిగొచ్చినాం మే. సెప్టెంబరు పరీచ్చ ఉంది కదా, పద్మ వస్తాది, పుస్తకాలు తెస్తాది, దగ్గర కూసోని సదివిస్తాది అనుకుంటి. పొద్దుటి బండికి ఒకసారి, సాయంత్రం బండికి ఒకసారి టేసనుకు పోయి నిలబడుతుంటి. దినామూ. నేనే వద్దామంటే, సదువు ఇడిసిపెట్టి పోయినదాన్ని, ఏ మొగం పెట్టుకోని వచ్చి మీ అరుగు మీద కూసుందును?" ఆమె గొంతులో కోపం లేదు. అడగాలని ఎప్పట్నుంచో దాచుకున్నది అడుగుతున్నట్టు, నా కళ్ళలోకి చూసింది. "గంట కూడా పట్టదు. ఆదోని ఏమన్నా ఐర్లండా మే?"